ముందు నీ జవాబు, తర్వాతే పక్కవాళ్ళది

ఎం.ఏ. హిస్టరీ క్లాసుకి మూడిల్ అనే ఆన్‌లైన్ క్లాసుల సాఫ్ట్‌వేర్ వాడబట్టి నాలుగేళ్ళు దాటింది. క్విజ్‌లు, పీడీఎఫ్‌ల జోలికి పోను. పీడీఎఫ్ పంపడానికి వాట్సాప్ గ్రూపు చాలదా? నేను చెప్పాలనుకున్నది అందులోని ‘క్యూ అండ్ ఏ’ ఫోరం ఒక్కదాని గురించే. నేను ప్రశ్న పెడితే, ఏ స్టూడెంటుకైనా తన జవాబు పెట్టేదాకా ఇంకొకరిది కనపడదు.

మొదటి ఏడాది ఇది తెలీక మామూలు ఫోరం పెట్టాను. ఎవరో ఒకరు గైడులోంచి పేరా దించేవారు, మిగతావాళ్ళు దాన్నే అటూ ఇటూ తిప్పేవారు.

రెండో ఏడాది ‘క్యూ అండ్ ఏ’ ఫోరంలో ఇలా అడిగాను: 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు జరిపించిన వితంతు వివాహానికి వెళ్ళొచ్చిన మనిషికి మర్నాడు వీధిలో ఏం ఎదురై ఉంటుంది? చాలామంది వెలి గురించి రాశారు. తద్దినానికి పురోహితుడు దొరకడని ఒకబ్బాయి. ఒకమ్మాయి మాత్రం వాళ్ళ జేజమ్మ గురించి రాసింది. చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి. “ఇంట్లో పెళ్ళంటే జేజమ్మ వెనక గదిలోకి వెళ్ళిపోతుంది మేడమ్. ఎవరూ పొమ్మనరు” అని. మిగతావి ముందే చూసుంటే తనూ వెలి గురించే రాసేది, నాకు తెలుసు.

ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర లేదు. పోస్టు చేశాక కూడా పక్కవాళ్ళవి అరగంట దాకా తెరుచుకోవు, అది రాసింది దిద్దుకునే గడువు. ఆ సంగతి నాకూ తెలీదు. “మేడమ్, నాది ఎగిరిపోయిందా?” అని ఒకటే ఫోన్లు. ఆ అరగంటని టీచర్‌గా నేను మార్చలేను, అడ్మినే మార్చాలి. మా సైటు చూసే కుర్రాణ్ణి బతిమాలి పదిహేను నిమిషాలు చేయించుకున్నాను.

ఇంత మెచ్చుకున్నాక ఇదీ చెప్పాలి. పోయినేడాది ఒక మహానుభావుడు జవాబు చోట ఒట్టి చుక్క పెట్టాడు. గడువు దాటాక అందరివీ చదివి, తీరిగ్గా ఓ చక్కటి వ్యాసం అల్లాడు. ఫోరంకి చుక్కయినా జవాబే మరి. ఇప్పుడు మొదటి పోస్టుకే మార్కులని ముందే చెప్తున్నాను. చుక్కలు తగ్గాయి, ఒక్క వాక్యం జవాబులు పెరిగాయి.

నా క్లాసులో ఉన్నది ఇరవై నలుగురు కాబట్టి అన్నీ కూర్చుని చదవగలుగుతున్నాను. డిగ్రీలో నూట ఇరవై మంది ఉన్న సెక్షన్‌కైతే నేను పెట్టను. మీకు చదివే ఓపికుంటే, పిలిస్తే పలికే అడ్మిన్ కూడా ఉంటే, ఒక్క సెమిస్టరు చూడండి.