పెట్టె మీద రాసినది ఒకటి, బొబ్బరి వేరు చెప్పినది మరొకటి

2024 డిసెంబరు 30న వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ60 రాకెట్టులో, కక్ష్యలోనే ఉండిపోయి తిరిగిన నాలుగో దశలో ఇస్రో ఉంచిన ఎనిమిది బొబ్బరి గింజలు నాలుగు రోజుల్లో మొలకెత్తాయని తరగతిలో చెప్పినప్పుడు, "మనం కూర వండుకునే బొబ్బర్లేనా మాస్టారూ?" అని ఒక అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్న కారణంగానే విజ్ఞాన ప్రదర్శన కోసం 3,200 రూపాయలు పెట్టి మొలకలను ఇరుసు మీద నెమ్మదిగా తిప్పుతూ ఉండే ఈ క్లైనోస్టాట్ కిట్‌ను విజయనగరానికి తెప్పించాను.

ఇందులో చిన్న మోటారు, ఇరుసుకు బిగించే పళ్లెం, రెండు పారదర్శకమైన డబ్బాలు, స్పాంజి ముక్కలు, ఎల్‌ఈడీ దీపాలు ఉన్నాయి. బిగింపు అరగంట పని. అయితే పెట్టె మీద 'ఇంట్లోనే సున్నా గురుత్వం' అని అచ్చువేయడం సరికాదు. వేరు కొనలోని కణాల్లో బరువైన పిండి రేణువులు అడుగుకు దిగి కింది వైపు ఏదన్నది మొక్కకు తెలియజేస్తాయి. అడ్డంగా ఉన్న ఇరుసు మీద నిమిషానికి రెండు చుట్లు తిరిగే డబ్బాలో అవి కుదురుకునే లోపే దిశ మారిపోతుంది కనుక వేరు దారి తప్పుతుంది, అంతే తప్ప గురుత్వాకర్షణ ఎక్కడికీ పోదు. కక్ష్యలో నీరు కిందికి జారక వేళ్లకు పొరలా అంటుకుని గాలి అందనివ్వదు. ఆ చిక్కును ఈ కిట్ చూపలేదు.

గంటస్తంభం దగ్గర కొన్న బొబ్బర్లు మొదటిసారి నీరెక్కువై కుళ్లిపోయాయి. రెండోసారి తడి స్పాంజి బరువు ఒకవైపే పడటంతో పళ్లెం ఆ వైపు పైకి వెళ్లేటప్పుడు నెమ్మదించి, దిగేటప్పుడు జారింది. వేళ్లన్నీ ఒకే పక్కకు ఒరిగాయి. ఎదురువైపు రూపాయి బిళ్లలు అతికించి సమతూకం కుదిర్చింది పిల్లలే. మూడోసారి, కదలని డబ్బాలో వేళ్లు నిటారుగా దిగగా, తిరిగే డబ్బాలో తలో దిక్కూ పట్టాయి. అయితే ఒక రాత్రి కరెంటు పోయి మోటారు ఆగితే తెల్లారేసరికి అవి కూడా కిందికి వంగాయి. మోటారు ఐదు వోల్టులదే కాబట్టి ఫోను పవర్ బ్యాంకుతో నడుస్తుంది. ఆ ఒక్క మాట సూచనల పుస్తకంలో లేదు.

2025లో వ్యోమగామి శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మొలకెత్తించిన మెంతులు, పెసలు కూడా వేశాం. మెంతి మొలకలు చక్కగా వచ్చాయి. వాటిని తింటామని పిల్లలు పట్టుబట్టారు గాని, ఆ స్పాంజి దేనితో చేశారో ఎక్కడా రాయనందువల్ల నేను ఒప్పుకోలేదు.

ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. సూచనల లోపం గురించి అమ్మినవారికి రాస్తే మోటారు మార్చి ఇస్తామన్నారు. మోటారు బాగానే ఉందని మళ్లీ రాయవలసి వచ్చింది.