పడక దగ్గరి బల్ల కిట్: సంచి బాగుంది, కప్పులే అచ్చిరావు

మంచాన పడ్డవాళ్లకు పాస్టర్లు ఇంటికెళ్లి బల్ల, అంటే ప్రభువు పేరిట అప్పం (రొట్టె), ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారం, ఇవ్వడానికి కడపలో క్రైస్తవ పుస్తకాల అంగడిలో దొరికే చిన్న జిప్పు సంచి ఇది. లోపల నాలుగు గాజు కప్పులు, తిప్పుడు మూత సీసా, అప్పాల డబ్బీ, తెల్లగుడ్డ, ప్రార్థన కార్డు ఉంటాయి. లేచి కూర్చోగలిగిన రోగికి బల్ల ఇవ్వడానికైతే వంక పెట్టక్కర్లేదు. చివరి రోజుల్లో ఉన్నవాళ్ల దగ్గరే చిక్కంతా.

కప్పు సన్నగా, లోతుగా ఉంది. అడుగున ఉన్న రసం నోట్లో పడాలంటే తల వెనక్కి వాల్చాల్సిందే. మింగే శక్తి తగ్గిన మనిషికి అలా వాలిస్తే రసం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. కప్పులు ఇంట్లో పెట్టేసి చిన్న స్టీలు చెంచా తీసుకెళ్లండి. తలవైపు ఎత్తు పెంచి, గడ్డం కాస్త కిందికి దించి, రెండు మూడు చుక్కలే పోయండి. దగ్గొచ్చినా, గొంతు గరగరలాడినా ఆపేయండి. మగతలో ఉంటే అసలు పోయొద్దు, తడిగుడ్డ పెదాలకు అద్దితే చాలు.

అప్పంతోనూ ఇదే తంటా. మార్ఫిన్ వాడేవాళ్లకు, నోటితో ఊపిరి పీల్చేవాళ్లకు నాలుక ఎండిపోయి అప్పం అంగిట్లో అతుక్కుంటుంది. ముందు నోరు తడిపి, కందిగింజంత ముక్క రసంలో నానబెట్టి పెట్టాలి.

అదీ మింగలేకపోతే? "బల్ల తీసుకోకుండానే పోతాడేమో అయ్యగారూ" అని ఇంటివాళ్లు అల్లాడిపోతారు. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథంలోనే దీనికి జవాబుంది: జబ్బు ముదిరి పుచ్చుకోలేకపోయినా, పశ్చాత్తాపం, విశ్వాసం ఉన్నవాడు ఆత్మలో పుచ్చుకున్నట్టే. ఆ వారసత్వమున్న సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) పాస్టర్లు ఈ మాట ఇంటివాళ్లకు ముందే చెప్పాలి. ఆర్‌సీఎంలో (రోమన్ కాథలిక్కుల్లో) అయితే అప్పం మింగలేనివారికి ద్రాక్షారసం ఒక్కటే ఇవ్వొచ్చు.

కార్డు దండగ. మొదటి నుంచి చివరి దాకా స్వస్థత ప్రార్థనలే. పోయే మనిషి పక్కన అవి చదివితే, మావాడికి విశ్వాసం చాల్లేదేమోనన్న దిగులు ఇంటివాళ్లకు మిగులుతుంది, వీడ్కోలు చెప్పుకునే సందే ఉండదు. 23వ కీర్తన, యోహాను 14లో మొదటి మూడు వచనాలు, పరలోక ప్రార్థన రాసిపెట్టుకోండి. ఐదు నిమిషాల్లో అయిపోవాలి. చెవి దగ్గర, మామూలు గొంతుతో చదవండి. మైకు గొంతు వద్దు.

సీసా మూతకు వాషర్ వదులు, సంచి తడుస్తుంది. మే నెల ఎండలో బండి డిక్కీలో పెడితే రసం పులుస్తుంది, కాబట్టి ఏ పూటది ఆ పూటే పోసుకెళ్లండి. ఇంట్లో ఆక్సిజన్ నడుస్తుంటే కొవ్వొత్తి వెలిగించొద్దు.