వంటింటి చెత్తకు కంపోస్టా, గ్యాసా, బయోచారా: ఏది మేలు?

బయోచార్ అంటే గాలి తగలకుండా కాల్చి, నేలలో కలిపే బొగ్గు. మా పెరట్లో పాత డ్రమ్ములో మొదటిసారి దాన్ని కాల్చినప్పుడు మిగిలిన అన్నం, కూరలు, అరటి తొక్కలు అన్నీ కలిపి పోసేశాను. రెండు గంటలు మంట పెట్టినా తెల్లటి ఆవిరి, ఘాటైన పొగ తప్ప బొగ్గు రాలేదు. తడిచెత్తలో దాదాపు 70 శాతం నీళ్లే. అవన్నీ ఆవిరయ్యేదాకా చెత్త 100 డిగ్రీలు దాటదు. బొగ్గు కావాలంటేనేమో గాలి తగలకుండా కనీసం 350 డిగ్రీల వేడి తగలాలి. నీళ్లు ఇగరబెట్టడానికే కట్టెలు తగలేస్తే ఇక పర్యావరణానికి మేలేముంది?

అందుకే ఇంటి తడిచెత్తకు నా ఓటు కంపోస్టుకే. ఎండుటాకులు కలిపి, వారానికోసారి తిరగేస్తే రెండు మూడు నెలల్లో ఎరువు చేతికొస్తుంది. నత్రజని కూడా చాలావరకు నిలుస్తుంది. కాలిస్తే అందులో పెద్ద భాగం గాలిలో పోతుంది. పైగా కూరల్లోని ఉప్పు బొగ్గులో మిగిలిపోతుంది. చౌడు నేలలకు అది అసలే పడదు.

చెత్త టన్నుల్లో ఉంటే దాన్ని గాలి లేకుండా కుళ్లబెట్టి తీసే బయోగ్యాసు మేలు. హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్లో రోజుకు 10 టన్నుల వ్యర్థాలతో దాదాపు 500 యూనిట్ల కరెంటు తీసేలా ప్లాంటు పెట్టారు. అక్కడ తడి అడ్డం కాదు, అవసరం.

మరి బయోచార్ ఎక్కడ గెలుస్తుంది? కొబ్బరి చిప్పలు, మామిడి టెంకలు, వేరుశనగ పొట్టు, మొక్కజొన్న బెండ్ల దగ్గర. రెండోసారి బాగా ఎండిన టెంకలు, చిప్పలే వేశాను. చల్లారాక ఒక చిప్ప ముక్కను గచ్చు మీద వేస్తే కంగుమని మోగింది! విరిస్తే లోపల కూడా నల్లగా మెరుస్తోంది. కంపోస్టులోని కార్బన్ మన ఎండలకు కొన్నేళ్లలో కరిగిపోతుంది. ఈ బొగ్గులోది మాత్రం వందల ఏళ్లు నేలలోనే ఉంటుంది. అమెజాన్ అడవుల్లో పూర్వీకులు బొగ్గు కలిపిన నల్లమట్టి ఇప్పటికీ సారవంతంగానే ఉంది.

అయితే పచ్చి బొగ్గును నేరుగా చల్లకండి, మొక్కకు అందాల్సిన నత్రజనిని అదే పట్టేస్తుంది. రెండు వారాలు పేడనీళ్లలోనో కంపోస్టులోనో నాననివ్వండి. నీరు నిలవని ఎర్ర ఇసుక నేలల్లో దీని ఫలితం బాగా కనిపిస్తుంది. నల్లరేగడికి అసలే క్షార గుణం ఎక్కువ, బొగ్గు దాన్ని ఇంకా పెంచగలదు. అక్కడ ముందు ఒక మడిలో వేసి చూడటం మంచిది.

మురుగునీటి శుద్ధిలో మాత్రం కంపోస్టు బయోచార్‌కు పోటీ రాదు. సీసం, కాడ్మియం, బట్టల రంగులు బొగ్గు రంధ్రాల్లో చిక్కుకుంటాయి. తాగునీటిలోని ఫ్లోరైడ్‌కు మాత్రం చిప్పల బొగ్గు సరిపోదు, ఎముకల బొగ్గు పనిచేస్తుంది. నల్గొండ బాధ తెలిసినవాళ్లకు ఈ తేడా ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? ఇంకోమాట, విషం పీల్చిన బొగ్గును పొరపాటున కూడా పొలంలో వేయకండి. అది పట్టిన సీసం అందులోనే ఉంటుంది.