చప్పుడు లేని ఫిల్టరు: రెండేళ్ళ ఏడు నెలల తర్వాత

చేపల తొట్టి నీళ్ళను గొట్టంతో కింద పెట్టిన మూత డబ్బాలోకి లాగి, వడకట్టి, మళ్ళీ పైకి పంపే ఈ క్యానిస్టర్ ఫిల్టరు కొన్న మొదటి నెలలో ఎవరైనా అడిగి ఉంటే కళ్ళు మూసుకుని కొనమనేవాణ్ణి. అడగనివాళ్ళకు కూడా చెప్పాను. ఇప్పుడు వాళ్ళందరికీ ఇంకో మాట కలిపి చెప్పాల్సిన బాకీ ఒకటి మిగిలిపోయింది.

మాది రెండడుగుల తొట్టి. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. లెక్కకు దాదాపు 57 లీటర్లు. ఇసుక, రాళ్ళు, మొక్కలు పోను నికరంగా 45 లీటర్ల నీళ్ళు పడతాయి. ఇంత చిన్న తొట్టికి క్యానిస్టర్ ఎందుకండీ అని అమ్మే మనిషే అడిగాడు. నిజమే, చేపలకు అక్కర్లేదు. నేను కొన్నది నాన్నగారి నిద్ర కోసం.

తొట్టి ఉన్నది ఆయన పడుకునే గదిలో. అంతకుముందు అంచుకు తగిలించే వేలాడే ఫిల్టరు ఉండేది. అందులోంచి నీళ్ళు పైనుంచి చిన్న ధారగా పడతాయి. తొట్టి నిండుగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. వేసవిలో నాలుగు రోజులు గడిచేసరికి అంగుళం నీరు ఆవిరైపోతుంది. ధార పడే ఎత్తు పెరిగి చప్పుడు మొదలవుతుంది. నాన్నగారు హైదరాబాద్‌లో రోజు విడిచి రోజు మంజీరా నీళ్ళు వచ్చే రోజుల్లో కాపురం చేసిన మనిషి. రాత్రి రెండింటికి లేచి స్నానాల గదిలో, వంటింట్లో, వెనక బాల్కనీలో కుళాయిలన్నీ బిగించి వచ్చేవారు. "ఎక్కడో నీళ్ళు పోతున్నాయిరా" అనేవారు. చేపల తొట్టిది నాన్నా అంటే తల ఊపి పడుకునేవారు. మర్నాడు రాత్రి మళ్ళీ లేచేవారు. నీళ్ళు కారుతున్న చప్పుడు వింటూ నిద్రపోవడం ఆయన వల్ల కాదు.

క్యానిస్టర్ వచ్చాక ఆ గొడవ ఒక్క రోజులో తీరిపోయింది. మొదటి రాత్రి నేనే, ప్లగ్గు పెట్టానా లేదా అని రెండుసార్లు లేచి చూశాను. డబ్బా మూత మీద అరచెయ్యి ఆనిస్తే సన్నగా అదురు తెలిసేది, అంతే. నాన్నగారు తెల్లవారేదాకా కదలలేదు. ఆ వారంలోనే నలుగురికి ఫోను చేసి దాన్ని పొగిడాను.

లోపల ఏ అరలో స్పాంజి పెట్టాలి, ఏ అరలో సిరామిక్ రింగులు పెట్టాలి అన్నది మీకు తెలిసిందే, దాని జోలికి పోను. పెట్టె మీది అంకె గురించి మాత్రం ఒక్క మాట. గంటకు 400 లీటర్లు అని రాసి ఉంది. బయటికి వచ్చే గొట్టాన్ని పది లీటర్ల బకెట్లో పెట్టి గడియారం చూశాను. నిండటానికి రెండున్నర నిమిషాలు పట్టింది. అంటే గంటకు 240. మూడు నెలలు కడగకుండా ఉంచి మళ్ళీ కొలిస్తే నాలుగు నిమిషాలు. మోసం అనను. స్పాంజి, రింగులు అడ్డుపడి, నీళ్ళు నేల దగ్గరి నుంచి తొట్టి అంచు దాకా ఎక్కాల్సి వస్తే ఏ పంపైనా తగ్గుతుంది. పైగా 45 లీటర్లకు 240 అంటే ఎక్కువే. నియాన్ టెట్రాలనే చిన్న చేపలు ఆ జోరుకు ఒక మూలకు కొట్టుకుపోతుంటే, గొట్టం మూతిని వెనక అద్దం వైపు తిప్పి, నీటి మట్టానికి రెండంగుళాలు లోపలికి దించాను. చేపలు కుదుటపడ్డాయి. అంతకుముందు పైన కొద్దిగా వినిపించే గలగల కూడా పోయింది. తెలివైన పని చేశాననుకున్నాను.

పోయిన సంవత్సరం మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. వీధి చివర చెట్టు తీగల మీద పడి ఆరింటికి కరెంటు పోయింది. మా అపార్టుమెంటు జనరేటరు ఇంటికి ఒక ఫ్యాను, రెండు దీపాలు ఇస్తుంది. తొట్టి ప్లగ్గు ఆ లైనులో లేదు. ఎనిమిదిన్నరకు కరెంటు వచ్చింది. తొట్టి దీపం వెలిగింది. పాపం చీకట్లో ఉన్నాయి కదా అని చేపలకు చిటికెడు మేత ఎక్కువే వేసి, దీపం ఆర్పి పడుకున్నాం. ఫిల్టరు తిరుగుతోందా అన్న ఆలోచనే రాలేదు. వేలాడే ఫిల్టరు ఆగితే ఇల్లంతటికీ తెలిసేది. ఇది తిరిగినా చప్పుడు చెయ్యదు, ఆగినా చప్పుడు చెయ్యదు. దాని గొప్పతనమే అది కదా, నలుగురికి ఫోను చేసి చెప్పింది కూడా అదే.

తెల్లవారి ఐదింటికి నాన్నగారు వచ్చి లేపారు. "ఒరేయ్, చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆకలేమో చూడు" అన్నారు.

వెళ్ళి చూస్తే నియాన్లు అన్నీ నీటి పైపొరకు మూతులు ఆనించి వేలాడుతున్నాయి. డబ్బా మీద చెయ్యి పెట్టాను. అదురు ఉంది! మరింకేం, తిరుగుతోంది కదా అనుకున్నాను. అనుమానం తీరక గొట్టం మూతి దగ్గర వేలు పెట్టి చూస్తే నీటిలో కదలికే లేదు. అప్పటికి గాని అర్థం కాలేదు. లోపలి మోటారు కాయిల్‌కు కరెంటు అందుతోంది, అదురు దానిది. నీటిని తోసే చిన్న చక్రం, ఇంపెల్లర్ మాత్రం బిగుసుకుపోయి తిరగడం లేదు. ఆరింటి నుంచి ఐదింటి దాకా పదకొండు గంటలు. వేసవి రాత్రి, వెచ్చటి నీళ్ళు. వెచ్చటి నీటిలో ప్రాణవాయువు అసలే తక్కువ నిలుస్తుంది. చీకటి పడ్డాక మొక్కలు కూడా దాన్ని వాడుకునేవే తప్ప ఇచ్చేవి కావు.

అక్కడిదాకా జరిగింది ఫిల్టరు తప్పు. ఆ తర్వాతిది నాది. ప్లగ్గు తీసి పెట్టాను, మళ్ళీ తీసి పెట్టాను, డబ్బాను అరచేత్తో రెండు దెబ్బలు వేశాను. మూడోసారికి గుర్రుమని తిరిగింది. సంతోషం అర నిమిషం కూడా నిలవలేదు. గొట్టం మూతిలోంచి టీ డికాషన్ రంగు పొగలాంటిది తొట్టిలోకి పరుచుకుంది, దాని వెంటే కుళ్ళిన గుడ్డు వాసన.

చేపల విసర్జనలోని అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉండేది ముఖ్యంగా ఆ రింగుల్లోనే. వాటికి ప్రాణవాయువు కావాలి. మూత బిగించిన డబ్బాలో నీళ్ళు కదలకుండా ఉంటే అది కొన్ని గంటల్లో అయిపోతుంది. అవి చావడం మొదలవుతుంది, స్పాంజిలో పట్టిన మడ్డి కుళ్ళడం మొదలవుతుంది. ఆ కుళ్ళు నీటినంతా నేను తట్టి, లేపి, ఊపిరాడని చేపల ముఖాన పోశాను. నాలుగైదు గంటలకు మించి ఆగిన క్యానిస్టర్‌ను అలాగే మొదలుపెట్టకూడదు. విప్పి, లోపలి నీళ్ళు పారబోసి, స్పాంజిని, రింగులను బకెట్లోకి తీసుకున్న తొట్టి నీళ్ళలో జాడించి, అప్పుడు పెట్టాలి. కుళాయి నీళ్ళలో జాడిస్తే క్లోరిన్‌కు మిగిలిన బ్యాక్టీరియా కూడా పోతుంది. ఇదంతా నాకు అంతకుముందే తెలుసు. తెల్లవారి ఐదింటికి గుర్తు రాలేదు.

క్లోరిన్ పోగొట్టే చుక్కలు వేసి సగం నీళ్ళు మార్చాను, మధ్యాహ్నం మళ్ళీ సగం. సాయంత్రానికి పదకొండు నియాన్లలో ఆరు పోయాయి. తేనె రంగు గురామి ఒక్కటే ఏమీ ఎరగనట్టు తిరుగుతోంది; అది నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగల జాతి. తర్వాత మూడు వారాలు అమ్మోనియా పరీక్ష చేసే గాజు గొట్టంలో నీరు పసుపుగా రావాల్సింది ఆకుపచ్చగా వస్తూనే ఉంది. అంటే కొత్త తొట్టి పెట్టినంత పని అయింది. నాన్నగారు రోజూ పొద్దున్నే మిగిలిన నియాన్లను లెక్కపెట్టి "ఐదే" అని చెప్పేవారు. నేను అడిగేవాణ్ణి కాదు, అయినా చెప్పేవారు.

ఇంపెల్లర్ ఎందుకు బిగుసుకుంది? డబ్బా మీది మోటారు తల విప్పితే కనిపించింది. అది తిరిగే సన్నటి సిరామిక్ కడ్డీ చుట్టూ తెల్లటి చార, దాని మీద గోధుమరంగు జిగురు. వేసవిలో మా సంపులో పడేది ఎక్కువగా బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు. గీజరు కాయిల్‌కు పట్టే పెంకే ఇక్కడా పట్టింది. ఆగకుండా తిరుగుతున్నంత కాలం నెట్టుకొచ్చింది, ఒకసారి ఆగాక మళ్ళీ కదిలే సత్తువ ఆ ఆరు వాట్ల మోటారుకు లేదు. చార గీకుతుంటే కడ్డీ సుద్దముక్కలా విరిగింది.

దుకాణానికి వెళ్తే ఆ కడ్డీ విడిగా రాదు, మోటారు తల మొత్తం కొనాలన్నారు. ఫిల్టరు ఖరీదులో సగం పైన! మూడు వారాల తర్వాత ఇంకో చోట, పాత సామాను డబ్బాలో వెతికించి, సరిపోయే కడ్డీలు రెండు తెచ్చుకున్నాను. అన్నాళ్ళూ తొట్టిని నడిపింది ఎయిర్ పంపుతో పనిచేసే చవకరకం స్పాంజి ఫిల్టరు. అది నాన్నగారి తల దగ్గర గుడగుడమంటూనే ఉండేది. ఇప్పుడు ఎవరైనా చిన్న క్యానిస్టర్ కొంటానంటే గంటకు ఎన్ని లీటర్లు అని అడగవద్దు, కడ్డీ, ఇంపెల్లర్, మూత కారకుండా పట్టే రబ్బరు చుట్టు (ఓ-రింగ్) ఈ మూడూ విడిగా ఇస్తారా అని అడగండి, వీలైతే అప్పుడే కొనిపెట్టుకోండి అంటున్నాను.

మూత కారుతుందని చాలామంది భయపెట్టారు. రెండేళ్ళ ఏడు నెలల్లో దానంతట అది ఒక్క చుక్క కారలేదు. ఒకసారి కారింది గాని, అది ఓ-రింగ్ కింద ఇసుక రేణువు ఇరుక్కుని. తప్పు నాదే. ఎందుకైనా మంచిదని తీగను ప్లగ్గు కంటే కిందికి వంపుగా వేలాడదీశాను, నీరు కారినా తీగ వెంట ప్లగ్గులోకి పోకుండా.

ఇక ఆగింది ఎలా తెలుసుకోవడం? నాన్నగారు తన మొలతాడు ముక్క కత్తిరించి ఇచ్చారు, గొట్టం మూతికి కట్టమని. ఆలోచన మంచిదే, దాని ఎర్ర రంగు నీళ్ళలో దిగుతుందని నేను ఒప్పుకోలేదు. రంగు దిగని నైలాను దారం మూడంగుళాలు కట్టాను. నీళ్ళు వస్తుంటే దారం అడ్డంగా సాగి ఊగుతుంది, ఆగితే మెత్తగా వాలిపోతుంది. గది గుమ్మంలో నిలబడి చూసినా తెలుస్తుంది.

గొట్టం మూతిని మళ్ళీ నీటి పైపొర దాకా ఎత్తాను, పైన అలలు లేచి గాలి కలిసేలా. కాబట్టి మొదటి నెలలో నేను పొగిడిన ఆ నిశ్శబ్దం ఇప్పుడు లేదు. పక్కగదిలో ఎవరో మెల్లగా మాట్లాడుతున్నట్టు ఒక చిన్న గలగల రాత్రంతా ఉంటుంది. నాన్నగారు మొదటి రెండు రోజులు ముఖం చిట్లించారు, తర్వాత ఏమీ అనలేదు. మొన్న వర్షాల్లో ఒక రాత్రి మూడింటికి తట్టి లేపి "చప్పుడు ఆగిందిరా" అన్నారు. కరెంటు పోయి పావుగంట అయిందట. బ్యాటరీ ఎయిర్ పంపు తీసి పెట్టాను.

మళ్ళీ కొంటానా అంటే, తొట్టి హాల్లో ఉంటే కొనను. క్యానిస్టర్ ఖరీదులో నాలుగో వంతుకే వేలాడే ఫిల్టరు వస్తుంది, ఆగితే చెబుతుంది కూడా. ఇన్వర్టరు లైనులో తొట్టి ప్లగ్గు ఉన్నవాళ్ళకు నా కథతో పనే లేదు, నిశ్చింతగా కొనుక్కోవచ్చు. మూడడుగులు దాటిన తొట్టి సంగతి నేను చెప్పలేను. పగలంతా ఇంటికి తాళం వేసి వెళ్ళేవాళ్ళు, చిన్న తొట్టి, బోరు నీళ్ళు అయితే మాత్రం ఒకసారి ఆలోచించండి. మా ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ తొట్టి ఎదురుగా ఒక మనిషి ఉన్నారు కాబట్టి సాగుతోంది. నెలకోసారి తల విప్పి కడ్డీ తుడుస్తున్నాను. రెండో కడ్డీ బీరువాలో ఉంది. అది కూడా విరిగితే అప్పుడు చూస్తాను.