లేజర్ పాట్ తిప్పి మూడేళ్లు: నా పాత కన్సోల్ కథ

సీడీలతో నడిచే నా పాత గేమ్ కన్సోల్‌లో లేజర్ పాట్‌ను, అంటే లేజర్ వెలుగును పెంచి తగ్గించే చిన్న స్క్రూను, తిప్పి మూడేళ్లయింది. ఆ రోజే రాసి ఉంటే ఐదు స్టార్లు ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు మూడు ఇస్తున్నాను.

అప్పట్లో ఆన్ చేస్తే డిస్క్ తిరిగేది, లెన్స్ పైకీ కిందికీ ఆడేది, తర్వాత అంతా ఆగిపోయేది. గేమ్ మొదలైనా వీడియో వచ్చే చోట తడబడేది. నేను రాసుకున్న పాటల సీడీలనైతే అసలు గుర్తించేదే కాదు. ఫ్యాక్టరీలో అచ్చయిన డిస్క్ కంటే మనం రాసుకునే డిస్క్ కాంతిని తక్కువగా తిప్పి పంపుతుంది. లేజర్ నీరసిస్తే ముందు మొరాయించేది అదే.

అయినా వెంటనే పాట్ జోలికి వెళ్లలేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూది పుల్లతో లెన్స్‌ను మెల్లగా తుడిచాను. లేజర్, లెన్స్ ఉండే భాగమైన పికప్ జరిగే రాడ్ మీద గట్టిపడిన గ్రీజు తీసేసి కొత్తది పలచగా రాశాను. రెండు వారాలు బాగానే నడిచి మళ్లీ మొదటికొచ్చింది. కన్సోల్‌ను తలకిందులుగా, నిలువుగా పెట్టి కూడా చూశాను. అలా పెడితే చదువుతోందంటే చాలావరకు పికప్ ప్లాస్టిక్ అరిగి ఒక పక్కకు వాలిందని అర్థం, అప్పుడు పాట్ తిప్పడం తప్పు వైద్యం అవుతుంది. నా దాంట్లో ఏ తేడా రాలేదు.

పాట్ అంటే పికప్‌కు అతికి ఉండే చిన్న స్క్రూ లాంటి రెసిస్టర్. లేజర్ ఎంత వెలగాలో అది నిర్ణయిస్తుంది. లేజర్‌ను పుట్టించే డయోడ్ పాతబడే కొద్దీ అదే వెలుగుకు ఎక్కువ కరెంట్ తీసుకుంటుంది. మనం పాట్ తిప్పి వెలుగు పెంచితే వేడి పెరిగి, మిగిలిన ఆయుష్షు కరిగిపోతుంది. ఇది తెలిసే చేశాను.

ప్లగ్ పీకేసి, మల్టీమీటర్‌తో పాట్‌ను కొలిస్తే 1,040 ఓమ్‌లు వచ్చింది. తిప్పకముందే ఆ అంకె కాగితం మీద రాసుకోవడం నేను చేసిన మంచి పని. నా కన్సోల్‌లో ఓమ్‌లు తగ్గితే వెలుగు పెరుగుతుంది. ఒక్కోసారి 40 ఓమ్‌లు మించకుండా తగ్గిస్తూ, ప్రతిసారీ మూత బిగించి గేమ్ పెట్టి చూశాను. గడియారం ముల్లులో సగం నిమిషమంత కదలిక కూడా ఎక్కువే అవుతుంది, చెయ్యి వణికితే టెన్షన్ తప్పదు. 880 దగ్గర వీడియోలు ఆగకుండా వచ్చాయి. ఆశపడి 800 దాకా వెళితే డిస్క్‌ను వెతుక్కోవడానికే ఎక్కువ సేపు పట్టింది, వెనక్కి తెచ్చేశాను.

వేరొకరి అంకె చూసి మీ దాంట్లో పెట్టకండి. ప్రతి పికప్‌నూ ఫ్యాక్టరీలో విడిగా సెట్ చేస్తారు. మూత స్విచ్ నొక్కిపట్టి లెన్స్‌లోకి తొంగిచూడటం అసలు వద్దు. సీడీ లేజర్ 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్, కంటికి మసక ఎరుపులా కనిపిస్తుంది కానీ అసలు బలం కనిపించదు.

ఆ తర్వాత 22 నెలలు హాయిగా ఆడుకున్నాను. ఆ కాలానికి ఈ పని పూర్తిగా విలువైనదే. తర్వాత గంటసేపు ఆడాక ఆగిపోవడం మొదలైంది. ఈసారి 790కి తెచ్చినా ఐదు నెలలే నడిచింది. మూడోసారి తిప్పలేదు.

కొత్త పికప్ తెప్పించాను. స్టాటిక్ కరెంట్‌కు డయోడ్ పాడవకుండా దాని మీద చిన్న సోల్డర్ చుక్క వేసి పంపారు. బిగించాక దాన్ని తీసేయాలి, లేకపోతే లేజర్ వెలగదు. దీని పాట్ 1,260 ఓమ్‌లు చూపించింది, ముట్టుకోలేదు. తొమ్మిది నెలలుగా నా పాటల సీడీలు కూడా చదువుతోంది. పాత అంకెలున్న కాగితాన్ని మూత లోపలే అంటించి ఉంచాను, కొత్త అంకెను దాని కింద రాశాను.