మసాయి మారాకా, క్రూగర్‌కా?

ఆఫ్రికాలో సఫారీకి ఈ రెండింట్లో ఎక్కడికి వెళ్లాలి? కెన్యాలోని మసాయి మారా అభయారణ్యం సుమారు 1,500 చదరపు కిలోమీటర్లు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్క్ దానికి దాదాపు 13 రెట్లు. అయినా సైజును చూసి ఎంచుకోకండి.

మారా అంటే కనుచూపు మేర గడ్డి మైదానం. చెట్లు తక్కువ కాబట్టి సింహాలు దూరం నుంచే కనిపిస్తాయి. జులై నుంచి అక్టోబర్ దాకా, పక్కనే టాంజానియాలో ఉన్న సెరెంగెటి వైపు నుంచి వచ్చే వైల్డ్‌బీస్ట్ (ఒక రకం పెద్ద జింకజాతి జంతువు) మందలు మొసళ్లున్న మారా నదిని దాటుతాయి. ఏ రోజు, ఏ రేవులో దాటుతాయో గైడ్‌కి కూడా తెలియదు. ఒడ్డున జీపుల్లో గంటల తరబడి పడిగాపులే. పైగా ఆ సీజన్‌లో రేట్లు మండిపోతాయి.

క్రూగర్‌లో పొదలెక్కువ, చిరుత పక్కనే ఉన్నా కనిపించకపోవచ్చు. కానీ తారురోడ్లున్నాయి, మనలాగే ఎడమవైపు డ్రైవింగ్. కారు అద్దెకు తీసుకుని, గంటకు 50 కిలోమీటర్లు దాటకుండా మనమే నడుపుకోవచ్చు. గేట్లు మూసేలోపు క్యాంపుకి చేరాలన్నదే టెన్షన్. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలుండవు, జంతువులు నీటి గుంటల దగ్గరికి చేరతాయి. పిల్లలతో వెళ్లేవాళ్లకి నేనైతే ఇదే చెబుతాను.

మలేరియా జాగ్రత్తలు రెండుచోట్లా తప్పవు. మన దేశం నుంచి కెన్యాకి వెళ్లొచ్చేవాళ్లకి ఎల్లో ఫీవర్ టీకా కార్డు కూడా ఉండాలి, ప్రయాణానికి కనీసం పదిరోజుల ముందే వేయించుకోవాలి.