సైకిల్‌కు గాలి: బంకులో పట్టించడం మేలా, సొంత పంపు మేలా?

"బంకులో ఊరికే గాలి పడతారు కదా, మళ్లీ పంపు కొనడం దేనికి?" కర్నూలు, అనంతపురం, కడప ఊళ్లలో గేరు సైకిల్ కొన్నవాళ్లు పదేపదే అడిగే మాట ఇది. పంచర్ షాపు కంప్రెసర్, బంకులోని డిజిటల్ మిషను, గేజి (ఒత్తిడి కొలిచే మీటరు) ఉన్న నిలువు పంపు, చేతిలో పట్టే బ్యాటరీ పంపు... అన్నీ గాలి కొట్టేవే. ట్యూబులోకి ఎంత పోయిందో ఏది నమ్మకంగా చెబుతుందన్న దగ్గరే తేడా వస్తుంది.

ముందు ట్యూబులో చోటు ఎంతో చూడండి. కారు టైరులో పాతిక ముప్పై లీటర్ల చోటుంటుంది. 26×2.1 ఎంటీబీ (కొండదారుల లావు టైరు సైకిల్) టైరులో నాలుగు లీటర్లు, 28×1½ పాత సైకిల్ టైరులో రెండున్నర, 700×25 రోడ్డు సైకిల్ టైరులో ఒక్క లీటరు. కారు టైరులో 5 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలిచే లెక్క) పెరగాలంటే ఎనిమిది, పది లీటర్ల బయటి గాలి లోపలికి పోవాలి. రోడ్డు సైకిల్‌కు లీటరులో మూడో వంతు పోతే చాలు, అదే 5 పీఎస్ఐ పెరుగుతుంది. పంచర్ షాపు ట్యాంకులో గాలి మామూలుగా 100 పీఎస్ఐ పైనే ఉంటుంది. అక్కడ మీట నొక్కి వదిలేలోపే సన్న టైరు హద్దు దాటిపోతుంది. గేజి లేకుండా బొటనవేలితో నొక్కి చూసే పద్ధతి వెడల్పు టైరుకు ఎలాగో సరిపోతుంది. 60 పీఎస్ఐ దాటాక మాత్రం వేలికి 60కీ 90కీ తేడా తెలియదు.

బంకు డిజిటల్ మిషను అంకె చూపిస్తుంది కాబట్టి మేలనిపిస్తుంది. అది పనిచేసే తీరు వేరు. కాసేపు గాలి వదిలి, ఆపి, కొలిచి, మళ్లీ వదులుతుంది. ఒక్కో విడతకు ఎంత వదలాలో కారు, బైకు టైర్లను దృష్టిలో పెట్టుకుని అమర్చి ఉంటారు. సైకిల్ ట్యూబుకు ఒక్క విడతకే అంకె దాటుతుంది, మిషను వెనక్కి తీస్తుంది, మళ్లీ తక్కువవుతుంది, ఈ ఊగిసలాట అయ్యాకే బీప్ వస్తుంది. పూర్తిగా గాలి దిగిన ట్యూబుకైతే చాలా మిషన్లు మొదలే కావు. లోపల కొంచెమైనా గాలి ఉంటేనే టైరు తగిలిందని వాటికి తెలుస్తుంది. ఖాళీ టైరుకు వేరే బటన్ ఉంటుంది, అది నొక్కమని బంకు కుర్రాడికి మీరే చెప్పాలి.

ఇక వాల్వు మూతి. బంకు పైపు బైకు వాల్వుకే సరిపోతుంది. రోడ్డు సైకిళ్లకు ఉండే సన్నటి ప్రెస్టా వాల్వుకు ఇత్తడి అడాప్టర్ బిగించుకోవాలి, దానికి ముందు వాల్వు కొనమీది చిన్న నట్టు వదులు చేయాలి. అది మరిచి మిషను పాడైందనేవాళ్లే ఎక్కువ. లావు టైరు, బైకు వాల్వు, 35-40 పీఎస్ఐ: ఈ మూడూ కలిస్తే బంకు గాలితో పేచీ లేదు.

అసలు తేల్చేది గేజి. అదీ ఏ డయల్ ఉన్న గేజి అన్నది. కొనేటప్పుడు 160 పీఎస్ఐ వరకు చూపించేది గొప్పదనుకుంటాం. డయల్ గేజిలో తప్పును సాధారణంగా మొత్తం డయల్ మీద శాతంగా లెక్కిస్తారు. 160 డయల్ మీద 3 శాతం అంటే ముల్లు దాదాపు 5 పీఎస్ఐ అటూ ఇటూ ఉండొచ్చు. 80 కొట్టేవాడికి 5 తేడా పెద్ద లెక్క కాదు. ఎంటీబీకి 30 కొట్టేవాడికి అది ఆరో వంతు. పైగా ఆ డయల్ మీద 30 అన్నది మొదట్లోనే, ఇరుకు గీతల మధ్య ఉంటుంది. వెడల్పు టైరు వాడేవాళ్లు 60 దాకా ఉన్న చిన్న గేజి విడిగా ఒకటి పెట్టుకోవాలి. సన్న టైరు వాడేవాళ్లకు పంపు మీది పెద్ద డయలే చాలు.

ఇంకో మాట. గేజి రెండు పీఎస్ఐ తప్పు చూపినా ఫరవాలేదు, ఎప్పుడూ అదే గేజి వాడితే. మీ బరువుకు, మీరు తిరిగే రోడ్డుకు ఆ గేజి మీద 52 కుదిరిందంటే మీ అంకె 52. బంకుల్లో ఈరోజు ఒక మిషను, రేపు ఇంకొకటి. ఈ ఒక్క కారణానికే నేను నిలువు పంపు వైపు మొగ్గుతాను, ధర ఆ తర్వాతి సంగతి.

పంపు ఉన్నా చదవడంలో పొరపాటు జరుగుతుంది. పిడి కిందికి తొక్కుతున్నప్పుడు ముల్లు పైకి లేస్తుంది. అది గొట్టంలో ఒత్తిడి, ట్యూబులోది కాదు. పిడి ఆపి, ముల్లు కుదురుకున్నాక చదవాలి. ప్రెస్టా అయితే నట్టు వదులు చేసి, కొనను ఒక్కసారి నొక్కి బుస్సుమనిపించి, పంపు తల నిటారుగా తొడిగి మీట ఎత్తండి. తీసేటప్పుడు మీట దించి ఒక్క ఊపున లాగేయాలి. అప్పుడు వచ్చే బుస్సు చాలావరకు గొట్టంలో మిగిలిన గాలే. అయ్యో ట్యూబులోది పోయిందని మళ్లీ తొడిగి కొట్టక్కర్లేదు.

ఎంత కొట్టాలి? టైరు పక్కన ముద్రించిన కనిష్ఠ, గరిష్ఠ అంకెల మధ్యే ఉండాలి. డెబ్బై, డెబ్బై ఐదు కిలోల మనిషికి 700×25 అయితే వెనక 85, ముందు 80. 700×35 హైబ్రిడ్‌కు 55, 50. 26×2.1కు తారు మీద 40, మట్టిదారిలో 32-35. ఇక్కడ మొదలుపెట్టి రెండేసి మార్చుకుంటూ పోవాలి. వెనక చక్రం మీద బరువు ఎక్కువ కాబట్టి దానికి నాలుగైదు ఎక్కువ. పంచరయ్యాక ట్యూబు చూస్తే అంకె సరైందో కాదో తెలుస్తుంది. పక్కపక్కన రెండు చీలికలుంటే గాలి తక్కువై, గుంతలో రిమ్ము ట్యూబును నొక్కింది. ఒక్కటే సన్న బెజ్జం ఉంటే కంపముల్లో పల్లేరుకాయో దిగింది. మన వైపు దారుల్లో దానికి ఏ గేజీ మందు కాదు.

ఎండాకాలం గాలి తగ్గించి కొట్టాలన్నది ఇక్కడ బాగా నాటుకున్న నమ్మకం. లెక్క చూస్తే అంత భయం లేదు. 50 పీఎస్ఐ ఉన్న టైరు 10 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది రెండుకు కాస్త ఎక్కువ. పొద్దున 25 డిగ్రీల్లో కొట్టింది మధ్యాహ్నం 45లో 54 అవుతుంది, అంతే. గరిష్ఠ అంకె దాకా కొట్టి ఎండలో నిలబెట్టడం మానుకుంటే చాలు. ఎండకు పక్కలు చిట్లిన పాత టైరు పేలితే తప్పు రబ్బరుది.

వాల్ ట్యూబు వేసే పాత సైకిళ్ల దారి వేరు. ఆ రబ్బరు గొట్టం గాలిని లోపలికే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. అందుకే గేజి పెట్టినా లోపలి ఒత్తిడి తెలియదు, రబ్బరును తోసి తెరిచే ఒత్తిడి కూడా కలిసి అంకె ఎక్కువే చూపిస్తుంది. కంప్రెసర్ గాలి ఒక్కసారి తగిలితే వాల్ ట్యూబు చిరిగిపోవచ్చు. దీనికి చేతి పంపే మంచిది. మనిషి ఎక్కి కూర్చుంటే టైరు అడుగు కొద్దిగా ఉబ్బాలి, రిమ్ము మాత్రం దిగినట్టు కనిపించకూడదు.

బ్యాటరీ పంపుకు అంకె పెడితే అదే ఆగుతుంది, బ్యాగులో పడుతుంది, బైకుకూ పనికొస్తుంది. వెడల్పు టైరు రెండూ నింపేసరికి బాగా వేడెక్కుతుంది, మధ్యలో కాసేపు ఆపాలి. తొడిగేచోట గొట్టం కొన కాలుతుంది, జాగ్రత్త. ఇంట్లో బైకు, సైకిల్ రెండూ ఉంటే ఇదే కొనొచ్చు. కాకపోతే ఛార్జింగు చూసుకోవాలి.

సీఓ2 గుళిక (కార్బన్ డయాక్సైడ్ నింపిన చిన్న డబ్బా) పోటీల్లో పాల్గొనేవాళ్లకు. 16 గ్రాములది సన్న టైరును క్షణాల్లో నింపుతుంది, కానీ ఆ గాలి మామూలు గాలికన్నా తొందరగా రబ్బరులోంచి జారిపోతుంది. ఇంటికి రాగానే దాన్ని వదిలేసి పంపుతో మళ్లీ కొట్టుకోవాలి.